లేదని చెప్పిన నొప్పి

నర్సంపేట
4 ఆగస్టు 2024

ప్రేమక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని నవ్వుకుంటావేమో. మనం స్పోర్ట్స్ హాస్టల్లో ఉన్నప్పుడు సెలవులకు ఇంటికి పోతే వారానికో కార్డు రాసేదాన్ని కదా, ఆ అలవాటే అనుకో. ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్ చేస్తే నువ్వు వెంటనే వీడియో తియ్యి, ఫొటో పంపు అంటావు. నాకు కావలసింది చిన్న సలహా మాత్రమే.

మా బాలికల గురుకులంలో ఈ ఏడు ఇరవై ఆరు మంది పరుగులకు వస్తున్నారు. వానలకు మైదానమంతా బురద. అందుకని పొద్దున పూట హాస్టల్ ముందున్న సిమెంటు రోడ్డు మీదే ఉరికిస్తున్నాను. వాళ్లలో రాహేలు అని తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. తండ్రి కృపానందం ఇక్కడి పత్తి మార్కెట్లో హమాలీ. తల్లి మార్తమ్మ కూలికి పోతుంది. అక్కా, ఈ పిల్ల నాలుగు వందల మీటర్లు ఉరుకుతుంటే నువ్వు చూడాలి. చివరి వంపులో మిగతావాళ్లకు దమ్ము అయిపోయి తలలు వాలిపోతుంటాయి. ఈమె అప్పుడే బయల్దేరినట్టు ఉంటుంది. పన్నెండేళ్లుగా డ్రిల్లు టీచరుగా ఉన్నాను, ఇలాంటి పిల్ల ఇప్పటికి ఒక్కతే దొరికింది. సెప్టెంబరులో జిల్లా పోటీలు, అక్టోబరులో రాష్ట్ర పోటీలు. అక్కడ మొదటి ముగ్గురిలో ఉంటే అకాడమీలో సీటు వస్తుంది.

ఒక పది రోజుల నుంచి ఎడమ పాదం నొప్పి అంటోంది. పైభాగాన, చీలమండకూ వేళ్లకూ నడుమ. వాపు లేదు. ఉరికితే వస్తుందట, కూర్చుంటే పోతుందట. బెణుకే అయి ఉంటుంది. ఏ మందు రాయాలి, కట్టు ఎలా కట్టాలి, రెండు ముక్కలు రాయి.

నీ పాదం విరిగిన రోజు ఇసుక గుంట పక్కన నేనే ఉన్నాను. అందుకే పిల్లల కాళ్ల విషయంలో జాగ్రత్తగానే ఉంటాను. మన కోచ్ యాకయ్య సార్ నీకు చేసింది నేను ఎవరికీ చేయను.

నీ
భవాని


మడికొండ
9 ఆగస్టు 2024

భవానీకి,

నా ఫిజియోథెరపీ క్లినిక్కుకు వచ్చేవాళ్లంతా ఐటీ పార్కు పిల్లలు. మెడలూ నడుములూ పట్టి పట్టి, పాదం అనే మాట విని చాలా రోజులైంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి భయమేసింది.

పూత మందు గురించి రాయను. పాదం నడిమి భాగంలో పడవలా ఒంపు తిరిగిన చిన్న ఎముక ఒకటుంది. వేగంగా ఉరికినప్పుడు, దూకినప్పుడు ఒంటి బరువంతా దాని మీదుగానే ముందుకు పోతుంది. దానికి రక్తం అందేది తక్కువ. రోజూ కొంచెం కొంచెం అలిసి, ఒకనాడు వెంట్రుక మందం పగులు పడుతుంది. వాపు రాదు. కూర్చుంటే నొప్పి పోతుంది. అందరూ బెణుకు అనుకుంటారు. ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు కనపడదు. అది బెణుకే కావచ్చు కూడా. కానీ చూడకుండా ఆ మాట నేను అనను, నువ్వూ అనకు.

నాకు కొన్ని సంగతులు కావాలి. పరుగు ఎన్ని వారాల్లో ఎంత పెంచావు? సెలవుల్లో ఖాళీగా కూర్చున్న పిల్లను రాగానే రోజుకు రెండుపూటలా ఉరికిస్తే ఎముకకు సర్దుకునే వ్యవధి ఉండదు. సిమెంటు రోడ్డు ఎందుకు భవానీ? బురద లేని ఏ గట్టు అంచైనా దానికంటే నయం. బూట్లు ఎవరివి, కొలత సరిపోయిందా, అడుగు అరిగిందా? పిక్కలు బిగుసుకున్నాయా? గోడకు చేతులానించి మడమ లేవకుండా మోకాలు ముందుకు వంచమను, తెలుస్తుంది. వారంలో ఒక్కరోజైనా పూర్తిగా విశ్రాంతి ఉందా? ఇంకో రెండు సంగతులు నువ్వు ఒంటరిగా అడగాలి. కడుపు నిండా తింటోందా? నెలసరి క్రమంగా వస్తోందా? తిండి చాలని పిల్లకు ముందు నెలసరి ఆగుతుంది, తర్వాత ఎముక పగులుతుంది.

ఎడమ కాలి మీద పదిసార్లు దూకమను. నొప్పితో ఆగిందంటే ఇంకేమీ ఆలోచించొద్దు. ఆమెను ఉరికించకు. ఆదివారం బస్సెక్కించి తీసుకురా, గంటన్నర ప్రయాణం. స్కాన్ నేను తీయిస్తాను. ఇప్పుడే పట్టుకుంటే ఆరు వారాలు కాలు నేల మోపకుండా కట్టులో ఉంచితే చాలు, పిల్ల మళ్లీ ఉరుకుతుంది.

ఇంకొకటి, దీనికి సంబంధం లేకున్నా నీ దగ్గర ఇరవై ఆరు మంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పాదం మెలికపడ్డాక అరికాలి నడుమ నల్లగా కమిలితే లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగినట్టు. అట్లాంటి పిల్లను ఒక్క అడుగు కూడా నడిపించొద్దు.

ఆదివారం ఎదురుచూస్తాను.

ప్రేమలత


నర్సంపేట
22 సెప్టెంబరు 2024

ప్రేమక్కా,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. జిల్లా పోటీల పనిలో తల ఎత్తుకునే తీరిక లేకపోయింది. నీ ఫోన్లు చూశాను. ఎత్తుదామనుకునేసరికి ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

మంచి వార్త. రాహేలుకు జిల్లాలో మొదటి స్థానం. రెండో అమ్మాయి పదడుగులు వెనకబడింది. మా ప్రిన్సిపల్ గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. అందులో రాహేలు ఫొటో కంటే నా ఫొటోనే పెద్దగా ఉంది. సిగ్గనిపించింది, కానీ చెప్పొద్దూ, రోజూ గేటు దాటేటప్పుడు ఒకసారి తల తిప్పి చూస్తున్నాను.

నొప్పి తగ్గింది. నువ్వు చెప్పినట్టు దూకించాను, దూకింది. పిక్కల సాగదీత కూడా మొదలుపెట్టాం. పరుగు ముందు క్రేప్ బ్యాండేజీ కొంచెం బిగించి కడుతున్నాం, ధైర్యానికి. ఆదివారాలు ఏదో ఒక పోటీ ఉంటోంది, అందుకే రాలేకపోయాను. రాష్ట్ర పోటీలు కాగానే నేనే తీసుకొస్తాను, నువ్వే చూద్దువు.

నీ
భవాని


మడికొండ
28 సెప్టెంబరు 2024

భవానీ,

నొప్పి తగ్గిందని ఎవరు చెప్పారు? ఆమె చెప్పిందా, నువ్వు చెబుతున్నావా?

నేను అడిగినవాటిలో సగానికి నీ ఉత్తరంలో జవాబు లేదు. పదిసార్లూ దూకిందా? బూట్లు? తిండి? నెలసరి? నొప్పి లేని కాలికి ఎవరూ బ్యాండేజీ బిగించి కట్టరు.

ఈ నొప్పి మూడు రోజులు కూర్చుంటే పోతుంది, అదే దీని మోసం. పోయిందని సంతోషపడి ఉరికితే పగులు ఇంకాస్త లోపలికి దిగుతుంది. పగులుగా ఉన్నప్పుడు కట్టుతో పోయేది, ఎముక రెండు ముక్కలైతే మరలు దిగ్గొట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత ఉరకడం ఎవరూ హామీ ఇవ్వలేరు.

రాష్ట్ర పోటీలు వచ్చే ఏడు కూడా ఉంటాయి. ఆమెకు పద్నాలుగేళ్లు. దయచేసి పేరు తీసెయ్యి. నీకు కష్టంగా ఉంటే నా మీద పెట్టు, ఎవరో డాక్టరమ్మ వద్దన్నదని చెప్పు.

ప్రేమలత


నర్సంపేట
27 అక్టోబరు 2024

అక్కా,

రాహేలు పాదం విరిగింది.

గొంతు విప్పి చెప్పే ముఖం లేక రాస్తున్నాను. నీకు ఇప్పటిదాకా రాసినవాటిలో నిజాలు తక్కువ. వరుసగా చెబుతాను.

నొప్పి పది రోజులది కాదు. జూన్ చివర్లోనే నా దగ్గరికి వచ్చి, "మేడం, పాదం నొస్తాంది" అన్నది. "సెలవులల్ల తిని కూసున్నవ్ గద, గట్లనే ఉంటది. ఉరుకు, సదురుకుంటది" అన్నాను. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికి ఐదు వారాలు దాటింది. బూట్లు ఇదివరకటి పిల్లలు వదిలేసి పోయినవి. ఒక సైజు పెద్దవి. ముందు భాగంలో గుడ్డ కుక్కుకునేది. నాకు తెలుసు. తిండి సంగతి నువ్వు అడిగినప్పుడు ఉలిక్కిపడ్డాను. ఒళ్లు తేలికైతే రెండు సెకన్లు తగ్గుతాయని ఆ పిల్లతో నేనే అన్నాను. అప్పటి నుంచి రాత్రి అన్నం సగమే పెట్టించుకుంటోందని వార్డెన్ చెప్పింది. మంచి పట్టుదల అనుకున్నాను. నెలసరి నాలుగు నెలలుగా లేదని నిన్న వాళ్లమ్మ చెబితే తెలిసింది.

దూకించానని రాశాను కదా. దూకించాను. మొదటిసారి బాగానే దూకింది. రెండోసారి పెదవి కొరుక్కుంది. మూడోసారికి నేనే "చాలు చాలు" అన్నాను. పదిదాకా పోనిస్తే ఏం తేలుతుందో నాకు తెలుసు, అందుకే ఆపాను.

నీ రెండో ఉత్తరం పోటీలకు ముందే అందింది. ఆ సాయంత్రం అందరినీ వరుసలో నిలబెట్టి అడిగాను. నా చేతిలో పేర్ల కాగితం, పెన్ను ఉన్నాయి. "రాహేలు, పాదం నొస్తాందా? నొస్తాంటె ఇప్పుడే చెప్పు, నీ పేరు కొట్టేసి ఇంకొకళ్లది రాస్త" అన్నాను. ఇరవై ఐదు మంది తలలు తిప్పి ఆమె వైపు చూశారు. "లేదు మేడం" అన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది. అడిగాను, లేదన్నది, నా బాధ్యత తీరిందనుకున్నాను.

పోటీలు మహబూబ్‌నగర్‌లో. పరుగు ముందు నొప్పి గోలీ ఒకటి ఇచ్చాను. అది కూడా నేనే. రెండు వందల యాభై మీటర్ల దాకా మూడో స్థానంలో ఉంది. చివరి వంపులో, వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఆగింది. మెల్లగా లైన్ల మధ్యే కూర్చుంది. మిగతా పిల్లలు పక్క నుంచి పోయారు. నేను ఉరికి దగ్గరికి పోతే ఆమె అన్న మొదటి మాట, "మేడం, తిడ్తరా?"

అక్కడ కట్టు కట్టించి, ఆ రాత్రికే వరంగల్ దవాఖానకు తెచ్చాం. డాక్టరు, "నొప్పి ఎన్ని రోజుల నుంచి ఉందమ్మా?" అని రాహేలును అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే అన్నాను, "ఇయ్యాల్నే సార్, ఉరుకుతుంటె అయింది." ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. మరలు వేసి అతికించారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది.

వాళ్ల నాన్నకూ అదే అబద్ధం చెప్పాను. ఆయన రెండు చేతులు జోడించాడు. "మీరు లేకుంటె మా పిల్ల గింత దూరం ఎక్కడిది మేడం" అన్నాడు. మొన్న స్కూలుకు వచ్చి ఒక సంచి సీతాఫలాలు ఇచ్చిపోయాడు, చెట్టు మీద పండినవట. నేను ముట్టలేదు. వార్డెన్‌కు ఇచ్చేశాను. వాళ్లంతా తిని ఎంత తీపో అని నాకు వచ్చి చెప్పారు.

ఫ్లెక్సీ ఇంకా గేటు ముందే ఉంది. వెనక గోడ దగ్గర చిన్న గేటు నుంచి వస్తూ పోతూ ఉన్నాను.

భవాని


మడికొండ
2 నవంబరు 2024

భవానీ,

నిన్ను తిట్టడానికి కూర్చుని రెండు కాగితాలు చింపాను. మూడోది ఇది.

ముందు చేయాల్సింది చెబుతాను. ఆ డాక్టరుకు నిజం తెలియాలి. ఒక్కరోజులో విరిగిన ఎముక వేరు, నాలుగు నెలలు పగిలి పగిలి విరిగిన ఎముక వేరు. పాత పగులు అంచులు గట్టిపడి ఉంటాయి, అతకడానికి ఎక్కువ కాలం పడుతుంది. కాలు ఎప్పుడు మోపాలో ఆయన నువ్వు చెప్పిన అబద్ధాన్ని బట్టి లెక్క వేస్తాడు. రెండో పాదం కూడా చూడాలి. రక్తపరీక్ష చేయాలి, నెలసరి గురించి ఆడడాక్టరుకు చూపించాలి. నీ మాట వల్ల ఇవన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఈ ఉత్తరం అందిన రోజే ఆయనకు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత తల్లిదండ్రుల దగ్గరికి పో. నీ గుండె బరువు దించుకోవడానికని పోకు. ఆ పిల్లకు ఏమైందో వాళ్లకు తెలిసే హక్కు ఉంది, అందుకు పో.

ఇక నిన్ను ఎందుకు తిట్టలేకపోయానో చెబుతాను. ఇది ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ఓంప్రకాశ్‌కు కూడా. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆయన ఇప్పటికీ నా కుంటి నడక చూసి మా కోచ్‌ను తిడతాడు.

నా పాదం ఆ రోజు దూకినప్పుడు విరిగిందని మీరంతా అనుకున్నారు. అంతకు ముందు రెండు నెలల నుంచీ నొప్పి ఉంది. మెడికల్ షాపులో గోలీలు కొనుక్కుని బీరువాలో బట్టల కింద దాచేదాన్ని. యాకయ్య సార్ రెండుసార్లు అడిగాడు, "ప్రేమలతా, కాలు ఈడుస్తానవేంది?" అని. లేదు సార్ అన్నాను. జట్టులో పేరు పోతుందని భయం. పాదం విరిగాక మా బాపు హాస్టల్‌కు వచ్చి, అందరి ముందు సార్ కాలర్ పట్టుకున్నాడు. "ఆడపిల్ల కాలు తీసినవ్ గదరా" అన్నాడు. నేను లోపల మంచం మీద ఉండి అంతా విన్నాను. కిటికీ తెరిచే ఉంది. సార్ ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది నేను. అనలేదు.

నెల రోజులకు ఆయన ఉద్యోగం మానేశాడు. మళ్లీ ఏ మైదానంలోనూ కనపడలేదు. నువ్వు మొదటి ఉత్తరంలో ఆయన గురించి రాసిన ముక్క చదివి, దాన్ని దిద్దాలని పెన్ను పట్టి కూడా దిద్దలేదు. బూట్లూ తిండీ పిక్కలూ అని నీకు అన్నీ రాశాను. అన్నిటికంటే పెద్ద ప్రమాదం నొప్పిని దాచుకోవడమని నాకు నా ఒంటి మీద తెలుసు. అదొక్కటి రాయలేదు. రాస్తే నీకెలా తెలుసు అని అడుగుతావని.

ప్రేమలత


నర్సంపేట
17 నవంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం చదివాను. ఇరవై ఏళ్లలో యాకయ్య సార్‌ను నేను ఎన్ని చోట్ల ఎన్ని మాటలన్నానో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. అయినా నీ మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకునే హోదా నాకు మిగల్లేదు.

డాక్టరుకు అదే రోజు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడాయన. తర్వాత, "ఇది ఆనాడే చెప్పాల్సిందమ్మా" అని మాత్రం అన్నాడు. రెండో పాదం స్కాన్ తీశారు, బాగానే ఉంది. రక్తంలో విటమిన్ డి బాగా తక్కువుందట. కట్టు ఇంకో నాలుగు వారాలు పొడిగించాడు.

ఆదివారం ప్రార్థన అయిపోయే వేళకు వాళ్ల ఊరికి పోయాను. రేకుల ఇల్లు. ముందు అరుగు మీద రాహేలు కాలు చాపుకుని కూర్చుని ఉంది. కృపానందం కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోకుండానే చెప్పాను. జూన్ నుంచి చెప్పాను. గోలీ సంగతి, డాక్టరు దగ్గర ఆడిన అబద్ధం, అన్నీ.

ఆయన వింటూ వింటూ కుర్చీ వీపు పట్టుకున్నాడు. బస్తాలు మోసే చేతులక్కా, ఆ కుర్చీ కిర్రుమన్నది. "మరి గా దినం నేను దండం పెడితె ఎట్ల తీస్కున్నరు మేడం?" అన్నాడు. అంతే. జవాబు కోసం ఆగకుండా ఇంటి వెనక్కి పోయాడు. నేనున్నంతసేపూ మళ్లీ రాలేదు.

మార్తమ్మ ఏడవలేదు. నన్ను పైనుంచి కిందికి చూసింది. "నెల దినాల సంది మా పిల్ల ఏమంటాందో ఎరుకేనా మీకు? నేను మంచిగ ఉరకలే, మేడం పేరు ఖరాబ్ జేసిన అని ఏడుస్తాంది. మాకు జెప్పుడు కాదు. గా పిల్లకు జెప్పుర్రి" అన్నది.

నేను అరుగు మీద రాహేలు పక్కన కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను. ఆమె నా వైపు చూడకుండా కట్టు మీద గీతలు గీస్తూ, "మీరు అడిగిన్రు గద మేడం. నేనే లేదన్న. అబద్ధం నేను జెప్పిన" అన్నది.

 నువ్వు గుర్తొచ్చావు. నువ్వు ఇరవై ఏళ్లు మోసింది ఈ మాటే కదా. ఈ పిల్ల కూడా అట్లనే మోస్తుందా అని భయమేసి లేచి వచ్చేశాను. పారిపోయి వచ్చానంటే సరిగ్గా ఉంటుంది.

సోమవారం ప్రిన్సిపల్‌కు కాగితం మీద రాసిచ్చాను. బయటికి పొక్కకుండా చూద్దామన్నారు. వద్దు మేడం, పైకి పంపండి అన్నాను. ఫ్లెక్సీ నేనే నిచ్చెన వేసుకుని విప్పాను.

భవాని


మడికొండ
1 డిసెంబరు 2024

భవానీ,

యాకయ్య సార్‌ను చూసి వచ్చాను.

నువ్వు ఆ అరుగు దగ్గరికి పోయావన్న ఉత్తరం చదివాక, నేను పోకుండా ఉండలేకపోయాను. ఆయన వరంగల్ కొత్తవాడలోనే ఉన్నాడు. ఇన్నేళ్లూ నాకు ఆయన ఇల్లు తెలుసు. ఆ వీధి గుండా పోవాల్సి వస్తే ఆటోవాణ్ణి చుట్టు తిరిగి పొమ్మనేదాన్ని. ఉద్యోగం మానాక వాళ్ల తాతల పనిలోకే పోయాడు, జంపఖానాలు నేస్తున్నాడు. నేను పోయేసరికి మగ్గం మీద ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. తలెత్తకుండానే, "ఎడమ కాలు ఇంక ఈడుస్తానవా బిడ్డా" అన్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

మొత్తం చెప్పాను. గోలీలు, బీరువా, కిటికీ. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో నూలు కండె అట్లనే పట్టుకుని ఉన్నాడు. అయిపోయాక అన్నాడు:

"నాకు ఎరుకనే ఉండె ప్రేమలతా. నీ నడక సూస్తె నొప్పున్నట్టు తెల్వదా నాకు? అడిగిన. లేదన్నవ్. నువ్వు లేదంటవని తెల్సే అడిగిన. అందరి ముంగట అడిగిన. నాక్కూడ నువ్వు దుంకాలెననే ఉండె. నిజంగ తెల్సుకోవాలంటె బూటు ఇప్పించి పాదం పట్టి సూడనా?"

"మా బాపు అట్ల పట్టుకున్నప్పుడు ఎందుకు చెప్పలే సార్?" అన్నాను.

"ఏం జెప్పాలె? పిల్ల అబద్ధమాడింది అని జెప్పాల్నా? పదహారేండ్ల పిల్లవు. నేను నలభై ఏండ్లోన్ని" అన్నాడు.

ఆయన భార్య టీ తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు. గ్లాసు నేల మీద పెట్టి లోపలికి పోయింది. ఆమె కోపం న్యాయమైనదే. సార్ క్షమించాడని నేను అనుకోవడం లేదు. తప్పులో తన వాటా తను తీసుకున్నాడు, అంతే. నా వాటా నాకే ఉంది. కానీ అది ఎంతో మొదటిసారి తెలిసింది.

ఇంటికొచ్చి ఓంప్రకాశ్‌కు చెప్పాను.  తెల్లారి, "నేను సార్‌ను కలిసి రావాలె" అన్నాడు.

రాహేలు అన్న మాటకు జవాబు నీకు దొరికిందనుకుంటాను. మళ్లీ ఆ అరుగు దగ్గరికి పో. కట్టు విప్పగానే ఆమెను నా దగ్గరికి పంపు. ప్రతి ఆదివారం నేనే చేయిస్తాను.

ప్రేమలత


నర్సంపేట
9 మార్చి 2025

ప్రేమక్కా,

ఆదివారాలు రాహేలు నీ దగ్గరికే వస్తోంది కాబట్టి ఆమె పాదం సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. మిగతావి రాస్తాను.

డిసెంబరులోనే మళ్లీ పోయాను. సార్ అన్న మాట రాహేలుకు చెప్పాను. "నువ్వు లేదంటవని తెల్సే నేను అందరి ముంగట అడిగిన రాహేలు. చేతుల పెన్ను పట్టుకోని అడిగిన. గట్ల అడిగితె ఎవలైనా లేదనే అంటరు" అన్నాను.  "అయితె ఉట్టిగనే అడిగిన్రా?" అన్నది. అవునన్నాను. ఆ అవును అనడం కంటే కష్టమైన పని నా ఉద్యోగంలో ఇంకేదీ చేయలేదు.

పై నుంచి మెమో వచ్చింది. రెండేళ్ల పాటు పోటీలకు జట్టును తీసుకుపోవద్దన్నారు. వేరే టీచరు తీసుకుపోతుంది. పొద్దుటి డ్రిల్లు మాత్రం నాదే. నాకు అది చాలు. స్టాఫ్ రూములో కొందరు నాతో మాట తగ్గించారు. అందులో భోజనం డబ్బా పంచుకునే శోభారాణి కూడా ఉంది. ఆమె కూతురు కూడా మా జట్టులోనే ఉరుకుతుంది, తప్పు పట్టలేను.

సంక్రాంతి సెలవులు కాగానే ఇరవై ఐదు మందినీ ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను. తలుపు వేసి, బూట్లు విప్పించి, పాదం నా ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కి చూశాను, నువ్వు వీడియోలో చూపించినట్టు. జట్టులో పేరు ఎవరిదీ తీసెయ్యనని ముందే చెప్పాను. తొమ్మిది మంది నొప్పి ఉందన్నారు. తొమ్మిది మంది, అక్కా. నేను రోజూ రెండు పూటలా చూస్తున్న పిల్లలు. ఒక పిల్లకు అరికాలి నడుమ నల్లగా ఉంటే ఆ గంటలోనే ఎత్తుకుని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. కట్టుతోనే నయమవుతుందన్నారు. మూడు రోజులు ఆ కాలితోనే మెట్లెక్కిందట.

ఇప్పుడు సిమెంటు రోడ్డు మీద అడుగు పెట్టనివ్వను. వెనక చెలకలో రాళ్లేరి, దున్నించి, మెత్తటి దారి చేశాం. వారంవారం కొంచెమే పెంచుతున్నాం, గురువారం పూర్తిగా సెలవు. వట్టికాళ్లతో నిలబడి వేళ్లతో తువ్వాలు ముడిచే ఆట పిల్లలకు బాగా నచ్చింది. అరిగిన బూట్లు కుప్ప పోసి పక్కన పెట్టించాను, ఎవరి కొలత వాళ్లకు రాసి పంపాను. మెస్సులో రాగిజావ, గుడ్డు అడిగి పెట్టించాను. బరువు తూచే యంత్రం మైదానం నుంచి తీసేశాను. వంపు దగ్గర ఎవరైనా వెనకబడితే అరవాలని నోటిదాకా వస్తుంది ఇప్పటికీ. ఆ మాట మింగడం నేర్చుకుంటున్నాను.

మొన్న సోమవారం నువ్వు రాసిచ్చిన కాగితం పట్టుకుని రాహేలు మళ్లీ మైదానానికి వచ్చింది. నూరడుగుల మెల్లటి పరుగు, నూరడుగుల నడక. కృపానందం గేటు దాకా తీసుకొచ్చి దింపాడు. ఆ ఆదివారం తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా నా ముఖం చూడకుండానే, "కాయితంల ఉన్నంతనే" అన్నాడు. "ఉన్నంతనే" అన్నాను. పోకుండా గోడ దగ్గర నిలబడ్డాడు.

మొదటి విడత మంచిగా చేసింది. నడక, చేతులు, అంతా అదివరకటి రాహేలే. మిగతా పిల్లలు ఆగిపోయి చూస్తున్నారు. రెండో విడత కూడా అయింది. కాగితంలో మూడు విడతలున్నాయి. నేను దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా అడిగాను, "నొప్పుందా?"

 నేల మీద కూర్చుంది. బూటు విప్పింది, సాక్సు తీసింది. కుట్ల మచ్చ పక్కన వేలితో తనే నొక్కి చూసుకుంది. ఒకసారి వాళ్ల నాన్న వైపు చూసింది, ఒకసారి నా వైపు.

"జరంత ఉంది మేడం" అన్నది.

"అయితె ఇయ్యాల్టికి చాలు" అన్నాను.

ఆమె బూట్లు చేత పట్టుకుని, వట్టికాళ్లతో మెత్తటి మట్టిలో నడుచుకుంటూ వాళ్ల నాన్న దగ్గరికి పోయింది.

నీ
భవాని